వివరణ లేదు

ఆయన మీట నొక్కి చేతులు రెండూ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. ఇక నలభై నిమిషాలు ఆయన చేయగలిగిందేమీ లేదు. టూలు తన పాటికి తాను చదువుకుంటూ పోతుంది.

తెర మీద ఫైళ్ల పేర్లు కింద నుంచి పైకి పాకుతున్నాయి. మొత్తం పదకొండు లక్షల వరుసల కోడ్. లిఫ్టు ఏ అంతస్తులో ఆగాలి, ఎంత నెమ్మదిగా దిగాలి, బరువెక్కువైతే ఎలా మొరాయించాలి, తలుపు ఎంతసేపు తెరిచి ఉంచాలి, అన్నీ వాటిలోనే ఉన్నాయి. ముప్పై ఏళ్లుగా ఎందరో రాశారు. రాసినవాళ్లలో సగంమంది కంపెనీ వదిలిపోయారు. కొందరు లోకమే వదిలిపోయారు. వరుసలు మాత్రం ఎక్కడివక్కడ పనిచేస్తూనే ఉన్నాయి.

వాటిని రాయడం ఆయన పని కాదు. వాటి మధ్య మనుషులు మనుషుల కోసం రాసిన మాటలను ఏరి పుస్తకం కట్టడం ఆయన పని. ప్రోగ్రామర్లు ప్రతి ఫంక్షన్ నెత్తిన ఒక కామెంటు రాయాలి. ఇది ఏం చేస్తుంది, ఎందుకు చేస్తుంది, దేన్ని ముట్టుకోకూడదు అని. కంప్యూటరుకు దానితో పని లేదు, తర్వాత వచ్చే మనిషికే ఉంది. ఆ కామెంటు మొదట్లో ఒక గీత గీసి రెండు స్టార్లు పెడితే టూలు దాన్ని ఎత్తి, ఫంక్షన్ పేరు కింద పేర్చి, పుస్తకంలో పేజీ చేస్తుంది. ఒక్క స్టారే పెడితే ఆ మాట కోడ్‌లోనే ఉండిపోతుంది. టూలు దాని పక్కనుంచి చెవిటిదానిలా నడిచిపోతుంది. ఫంక్షన్ పేరు మాత్రం అచ్చువేసి, కింద రెండు మాటలు పెడుతుంది: వివరణ లేదు.

ఆ రెండు స్టార్ల కోసం ఆయన అందరి ప్రాణాలూ తోడేశాడు. అందుకే ఆఫీసులో ఆయన స్టార్ల మాస్టారు. ముఖం మీద మాస్టారు, వీపు వెనక ఇంకేవేవో. ఆయనకు తెలుసు. కామెంటు రాయనివాడు తిన్న కంచం కడగనివాడితో సమానమని ఆయన అభిప్రాయం. అలాంటివాడితో నవ్వుతూ మాట్లాడవలసిన అవసరం ఆయనకెప్పుడూ కనిపించలేదు.

గది అయిదో అంతస్తులో మూల గది. కిటికీకి ఎదురుగా పక్క భవనం వీపు, దాని మీద నీళ్ల గొట్టాలు. ఒక బల్ల, ఒక కుర్చీ, గోడ పొడుగునా ముప్పై పుస్తకాలు, ఏడాదికొకటి. ఇవే పుస్తకాలు ఊరూరా లిఫ్టు మెషిన్ గదుల్లో దారం కట్టి వేలాడుతుంటాయి. మెకానిక్కులు గ్రీజు వేళ్లతో పేజీలు తిప్పుతారు. తిప్పి తిప్పి పేజీల అంచులు నల్లబడిన పుస్తకం ఎప్పుడైనా తిరిగి వస్తే ఆయన దాన్ని కాసేపు చేతిలో పట్టుకుని కూర్చునేవాడు. ఆయనకు దక్కిన మెప్పు అంతవరకే.

ఇవాళ ముప్పై ఒకటో పుస్తకం ప్రెస్సుకు వెళ్లాలి. టూలుకు పొద్దుటి పరుగు వివరణ లేని ఖాళీలు ఎక్కడున్నాయో చూసుకోవడానికి. మూడు గంటలకు అసలు పరుగు.

తెర మీద పేర్లు పాకుతూనే ఉన్నాయి. చూస్తూ ఉంటే అవి పేర్లలా ఉండవు. తెల్లవారుజామున మంచులో వరుసగా నడిచిపోయే మనుషుల్లా ఉంటాయి. ఎవరూ వెనక్కి తిరిగి చూడరు. ఎడమ భుజం కింద ఏదో బరువుగా ఉంది. పొద్దుటినుంచీ ఉంది. ఆయన దాన్ని పట్టించుకోలేదు.

పొద్దున లిఫ్టు దగ్గర వాచ్‌మన్ పట్టించుకున్నాడు.

"ఏం మాస్టారూ, ఇవాళ పుస్తకం రోజా? చొక్కా ఇస్త్రీ చేశారు."

"నీకేం తెలుసు?"

"ఏడాదికి రెండుసార్లేగా మీకు ఇస్త్రీ. ఒకటి పుస్తకానికి, ఒకటి మేడం గారు పోయిన రోజుకి." స్టూలు మీద నుంచి లేచి మొహంలోకి చూశాడు. "అదేంటి, అలా పాలిపోయారు? మెట్లెక్కి దిగొచ్చారా?"

"నోరు మూసుకుని బటన్ నొక్కు."

"నా నోరు మూస్తే ఈ బిల్డింగులో మీతో మాట్లాడేవాడెవడు?" అంటూ నొక్కాడు.

తలుపు తెరుచుకుంది. ఈ మధ్య ఆయన లిఫ్టు ఎక్కడానికి ఒక పద్ధతి పెట్టుకున్నాడు. ఒకటికి సంచి లోపల పెట్టడం. రెండుకు కుడికాలు. మూడుకు చెయ్యి గోడమీద. నాలుగుకు ఎడమకాలు. నాలుగు అయ్యేసరికి తలుపు కదిలింది. సరిగ్గా సరిపోయింది. నిరుడు ఒక సెకను మిగిలేది.

*

ఖాళీల జాబితా వచ్చేలోపే తలుపుల ఇంజనీరు వచ్చింది. ముప్పై ఏళ్లుంటాయి. జుట్టు ముడిలో పెన్ను గుచ్చుకుని, అది కనపడక బల్లలన్నీ వెతుకుతుంటుంది. ఆరునెలల కిందట లిఫ్టు తలుపుల పని ఆమెకు అప్పగించారు.

"మాస్టారూ, కసురుకోనంటే ఒకటి అడుగుతా."

"కసురుకుంటాను. అడుగు."

"తలుపు తెరుచుకున్నాక నాలుగు సెకన్లు ఆగుతుంది కదా. ఆ నాలుగు ఎవరు పెట్టారు? ఎందుకు పెట్టారు?"

ఆయన కళ్లజోడు తీసి చొక్కా కొసతో తుడిచాడు. ఇస్త్రీ నలిగింది.

"పుస్తకంలో చూశావా?"

"చూశాను. వివరణ లేదు అని ఉంది. మేనేజరు గారు దాన్ని రెండు చేసేయమంటున్నారు. ఆగిన ప్రతిచోటా రెండు సెకన్లు మిగిలితే రోజుకి అన్నేసి ట్రిప్పులు ఎక్కువ తిరగొచ్చట. కారణం లేని అంకె కదా, అడ్డేముంది అంటున్నారు."

"కోడ్ తెరిచి చూడకపోయావా?"

"ఆ పాత ఫైలా? దానికి తాళం వేసి పదేళ్లు. తాళంచెవి ఉన్నది మీ ఒక్కరి దగ్గరే. మాకు సెట్టింగుల్లో అంకె మార్చడమే దిక్కు." పెన్ను కోసం బల్ల తడిమింది. "ఇంకోటి. ఈసారినుంచి వివరణ లేని ఫంక్షన్లను పుస్తకంలోంచే తీసేస్తారట. ఖాళీ పేజీలు చూసి కొనేవాళ్లు నవ్వుతున్నారని. మీకు చెప్పారా?"

ఆయనకు చెప్పలేదు. ఆయన పుస్తకం గురించి ఆయనకే చెప్పలేదు.

"పన్నెండింటికి మీటింగు పెట్టారు. మీకేమైనా తెలిస్తే అక్కడ చెప్పండి మాస్టారూ. రెండంటే నాకూ భయంగానే ఉంది. మా పిల్లని చంకలో, సంచీ భుజానికి వేసుకుని ఎక్కేసరికి నాలుగే చాలట్లేదు."

"పెన్ను నీ జుట్టులో ఉంది," అన్నాడాయన.

ఆమె వెళ్లింది. జాబితా వచ్చింది. ముప్పై ఏళ్ల పోరు ఫలితం, అన్ని వేల ఫంక్షన్లలోనూ ఖాళీ ఒక్కటే. తలుపు ఆగే సమయం. రాసినవారి పేరు దగ్గర ఆయన భార్య పేరు. కింద ఆ రెండు మాటలు. ఏటా ఇదే రోజున ఆయన ఈ పేజీ చూస్తాడు. వచ్చే ఏడు ఇది ఉండదు. పేరు కూడా ఉండదు.

*

ఆమె తలుపుల కోడ్ రాసేది. ఆయన పుస్తకం కట్టేవాడు. ఒకే బస్సులో వచ్చి ఒకే బస్సులో వెళ్లేవాళ్లు. ఆమె కిటికీ వైపు కూర్చునేది. ఇంట్లో ఆయన తల్లి ఉండేది. అత్తకూ కోడలికీ ఉప్పూ నిప్పూ. కోడలు పెట్టిన ప్రతిదానికీ ముసలావిడ వంక పెట్టేది, కోడలు దేనికీ జవాబు చెప్పేది కాదు. జవాబు చెప్పకపోవడం ఇంకా పెద్ద తప్పు కింద జమయ్యేది.

ఒక ఆదివారం ఆమె హాల్లో నేలమీద కూర్చుని కూరలు తరుగుతూ చేతిగడియారం తీసి పక్కన పెట్టుకుంది. ముసలావిడ కర్ర పొడుచుకుంటూ తన గది గడప దాటింది. మంచినీళ్లు తాగి మళ్లీ దాటింది. సాయంత్రం కొడుకు రాగానే పట్టుకుంది.

"నీ పెళ్లాం గడియారం పెట్టుకుని నా నడక చూస్తోందిరా. ఎప్పుడు పడతానా అని."

ఆయన లోపలికి వెళ్లి భార్యను నాలుగు మాటలన్నాడు. ఆమె చేతిలో కాలెండరు కాగితం ముక్క ఉంది, వెనకవైపు ఏవో అంకెలు. దాన్ని మడిచి బొడ్లో దోపుకుంది.

ఆ ఏడు పుస్తకం సిద్ధమయ్యేసరికి ఖాళీ ఒక్కటి మిగిలింది. ఆమెదే. వంటగదిలో అడిగాడు.

"ఆ ఒక్కదానికీ రెండో స్టార్ పెట్టు."

"అది పుస్తకం కోసం రాసింది కాదండీ."

"మరెవరి కోసం?"

"ఫైలు తెరిచి చూసేవాళ్ల కోసం. ఇంటి మాట. అచ్చులో ఎందుకు?"

ఫైలు తెరిచి చూస్తే తెలిసేది. ఆయన తెరవలేదు. రాసినవాళ్లే తెచ్చి ఇవ్వాలి, తాను వెతుక్కోకూడదు. ఒకరి కామెంటు మీద మరొకరు చెయ్యి వేయకూడదు. ఆ రూలు ఆయనే పెట్టాడు. పెట్టిన రూలు పెళ్లాం కోసం సడలిస్తే లోకం నవ్వదూ?

మీటింగులో ఆయన ఖాళీల జాబితా పైకి చదివాడు. ఒక్కటే పేరు. అప్పటి పెద్ద మేనేజరు ఆమెను నాలుగు ఎందుకని అడిగాడు. ఆమె లేచి నిలబడి, చీర కొంగు వేలికి చుట్టుకుంటూ చెప్పబోయింది. "మా ఇంట్లో..." అంది.

"పుస్తకంలో ఏ పేజీ?" అన్నాడాయన.

అది ఆయన ఊతపదం. నోటిమాట చెల్లదని దాని అర్థం. అందరూ నవ్వారు. ఆమె కూర్చుంది. ఆ సాయంత్రం ముందు బస్సు ఎక్కి వెళ్లిపోయింది. ఆయన తర్వాతి బస్సులో కిటికీ వైపు కూర్చుని వెళ్లాడు.

ఆ తర్వాత వాళ్లింట్లో ఆఫీసు మాట వినపడలేదు. పాలు, మందులు, ముసలావిడ దుప్పటి, అంతవరకే. రెండేళ్లకు ఆమె పదకొండు రోజుల జ్వరంలో పోయింది. ఆ పదకొండు రోజుల్లోనూ ఆయన ఆ మాట వెనక్కి తీసుకోవచ్చు. ఏ రోజుకారోజు రేపనుకున్నాడు.

ఆమె బల్ల ఖాళీ చేస్తూ ఫైలు తెరిచాడు. ఒక గీత, ఒక స్టార్. తర్వాత మూడు వరుసలు.

*నాలుగు సెకన్లు. అత్తయ్య కర్రతో గడప దాటడానికి పట్టే సమయం. ఏడుసార్లు చూశాను. ఆమెను తొందరపెట్టవద్దు.*

ఆపైన ఒక ఏడాది బతికింది ముసలావిడ. ఒకరోజు ఆస్పత్రి గుమ్మంలో ఆయన చెయ్యి పట్టి లాగుతుంటే ఆగిపోయింది. రొప్పుతూ ఆయన మొహంలోకి చూసి అంది. "అది ఉంటే నన్నిలా లాగేది కాదురా."

అప్పుడైనా రెండో స్టార్ పెట్టవచ్చు. మీట ఒక్కసారి నొక్కితే చాలు. ఆయన పెట్టలేదు. ఆమె వద్దంది కదా అని ఒక కారణం. రూలు ఇంకో కారణం. అసలు కారణం వేరు. ఏడాదికోసారి ఆ పేజీ చూడడం ఆయనకు పడిన శిక్ష. ఇతరులకు ఎప్పుడూ శిక్ష తగ్గించనివాడు తనకు మాత్రం ఎందుకు తగ్గించుకుంటాడు? తొమ్మిదేళ్లుగా చూస్తున్నాడు.

*

మీటింగులో మేనేజరు చక్రాల కుర్చీలో అటూ ఇటూ ఊగుతున్నాడు. మాస్టారికన్నా ఇరవై ఏళ్లు చిన్న. ఉద్యోగంలో చేరిన కొత్తలో కామెంట్లు రాయక మాస్టారి చేత నలుగురిలో తిట్లు తిన్నాడు. మరిచిపోలేదు. మరిచిపోయినట్టు నవ్వుతుంటాడు.

"తలుపు సమయం రెండు. ఎవరికైనా అభ్యంతరమా?"

"ఉంది," అన్నాడు మాస్టారు. "నాలుగుకు కారణం ఉంది."

గదిలో అందరూ ఆయన వైపు తిరిగారు. ఆయన మీటింగులో నోటిమాట చెప్పడం ఎవరూ ఎరగరు.

"చెప్పండి."

"ముసలివాళ్లు... కర్ర పట్టుకుని..." అని ఆగాడు. మాటలు ఎక్కడికో వెళ్లిపోయాయి. భుజం కింద బరువు మోచేతిదాకా దిగింది. కిటికీలోంచి వచ్చిన ఎండ బల్లమీద పలకలా పరుచుకుని ఉంది. దాని అంచున ఎవరో కొంగు వేలికి చుట్టుకుంటున్నట్టు అనిపించింది.

"పుస్తకంలో ఏ పేజీ మాస్టారూ?" అన్నాడు మేనేజరు.

నవ్వులు వినపడ్డాయి. తలుపుల ఇంజనీరు నవ్వలేదు.

"మీరు నేర్పిన మాటే. కారణం పుస్తకంలో ఉంటే ఆ అంకె జోలికి పోను. పోవాలంటే నేనూ అంతకన్నా మంచి కారణం రాసి అచ్చువేయాలి, అది మీ రూలేగా. లేకపోతే మాత్రం సాయంత్రానికి రెండు." ఊగడం ఆపాడు. "న్యాయమే కదా?"

"న్యాయమే," అన్నాడు మాస్టారు. ఆయన అబద్ధం చెప్పలేడు. అది న్యాయమే.

*

గదికి వచ్చి డబ్బా తెరిచి నాలుగు ముద్దలు తిని మూత పెట్టేశాడు. కుర్చీలో వెనక్కి వాలాడు. పక్క భవనం గొట్టాల్లో ఎవరో నీళ్లు వదిలారు. ఆ చప్పుడు వింటూ కళ్లు మూసుకున్నాడు.

పొడుగాటి వసారా. అటూ ఇటూ లిఫ్టు తలుపులు, కనుచూపుమేరా. ఒక్కొక్కటే తెరుచుకుంటోంది. ప్రతి తలుపులోంచీ ఆయన తల్లి కర్ర పొడుచుకుంటూ బయటికి వస్తోంది. ఒక తలుపులో తల నెరిసింది, ఒక తలుపులో ఇంకా నల్లగానే ఉంది, ఒక తలుపులో చంకన పసివాడు. ఆ పసివాడు తానే. ఆమె ఎక్కడా తొందరపడడం లేదు. తలుపులు ఆవులిస్తున్న పశువుల్లా ఓపిగ్గా ఆగుతున్నాయి. నేలమీద భార్య కాళ్లు చాపుకుని కూర్చుంది. ఒళ్లో గడియారం. తలెత్తి ఆయనను చూసింది. కోపం లేదు. కోపం ఉన్నా బాగుండేది.

"మీరూ లెక్కపెట్టండి," అంది.

ఒకటి అన్నాడు. రెండు అన్నాడు. మూడు అన్నాడు. నాలుగో అంకె నోటికి రాలేదు. చిన్నప్పుడు బడిలో బెత్తం ముందు నిలబడ్డప్పటిలా నాలుక మడతపడింది. ఆమె ఎదురుచూస్తూనే ఉంది.

కళ్లు తెరిచేసరికి రెండున్నర.

ఆయన పాత ఫైళ్ల తాళం తీశాడు. తలుపు ఆగే సమయం దగ్గరికి వెళ్లాడు. మూడు వరుసలూ అక్కడే ఉన్నాయి. ఇన్నేళ్లలో ఒక్క అక్షరమూ పాతబడలేదు. కోడ్‌లో దుమ్ము పట్టదు. కర్సర్ ఆ ఒక్క స్టార్ పక్కన ఊపిరిలా కొట్టుకుంటోంది.

కీబోర్డు మీద ఎనిమిది అంకె మీట బోడిగా ఉంటుంది. స్టార్ గుర్తు ఉండేది ఆ మీట మీదే. అరిగిపోయి ఎన్నేళ్లయిందో. దాని మీద వేలు పెట్టి చాలాసేపు ఉంచాడు. ముప్పై ఏళ్లలో ఇంకొకరి కామెంటు మీద చెయ్యి వేయడం ఇదే మొదలు. వద్దన్న మనిషి మాటను అచ్చుకెక్కించడం ఇదే మొదలు. ఆమె తిడితే తిట్టనీ. తిట్టడానికైనా వస్తుంది.

నొక్కాడు.

చిన్న పెట్టె తెరుచుకుంది. మార్పుకు కారణం రాయమంది. అది రాయందే ఏ మార్పూ నిలవదు. ఆ రూలూ ఆయనదే. ఏదో రాసి చెరిపాడు. ఇంకేదో రాశాడు, పొడుగైంది, చెరిపాడు. చివరికి అయిదు మాటలు మిగిలాయి. "మాట ఆమెది. స్టార్ నాది. ఆలస్యమైంది."

మూడింటికి అసలు పరుగు మొదలుపెట్టాడు. తెర మీద పేర్లు మంచులో నడవడం మొదలుపెట్టాయి. తలుపుల ఫైళ్లు వచ్చేటప్పటికి ఆయన ముందుకు వంగాడు. టూలు ఎక్కడా ఆగలేదు. దానికి అన్నీ ఒకటే. కానీ పరుగు ముగిసేసరికి ఖాళీల జాబితా తెల్లగా ఉంది.

ఆ ఒక్క పేజీ అచ్చుతీసి పట్టుకున్నాడు. కాగితం వెచ్చగా ఉంది. ఫంక్షన్ పేరు, దాని కింద ఆమె పేరు, ఆ కింద ఆమె మాట.

*

తలుపుల ఇంజనీరు నిలబడే చదివింది. మళ్లీ చదివింది.

"అత్తయ్య అంటే..."

"మా అమ్మ."

"మేడం గారికి ఆవిడంటే చాలా ఇష్టమా?"

"లేదు," అన్నాడాయన. "అస్సలు పడేది కాదు."

ఆమె పేజీ తీసుకుని మేనేజరు గదిలోకి వెళ్లింది. మాస్టారు గుమ్మంలో నిలబడ్డాడు. మేనేజరు చదువుతూ పెదవి కొరుక్కున్నాడు.

"ఇదేంటి మాస్టారూ, పొద్దున లేని పేజీ సాయంత్రానికి పుట్టింది?"

"మాట పదకొండేళ్ల కిందటిది. తేదీ చూసుకో."

"మీ అమ్మగారి కోసం దేశంలో లిఫ్టులన్నీ ఆగాలా?"

"మా అమ్మ పోయి ఎనిమిదేళ్లు. ఇప్పుడు వేరేవాళ్ల అమ్మల కోసం ఆగుతాయి. పాతికేళ్లాగితే నీకోసం కూడా."

మేనేజరు నవ్వుదామని చూశాడు. రాలేదు. పేజీ మూల మీద సంతకం పెట్టి ఇంజనీరు చేతికిచ్చాడు. "నాలుగే ఉంచు. పుస్తకం ప్రెస్సుకు పంపేయ్."

ఆమె బయటికి వచ్చి, "మాస్టారూ, కూర్చోండి కాసేపు, చెమటలు పడుతున్నాయి. నీళ్లు తెస్తా," అంది.

"పుస్తకం పంపించు ముందు."

"పంపిస్తానండీ. ఎక్కడికీ పారిపోదు."

"నీ వెనకవాళ్లు ఎవరైనా కామెంటు రాయకపోతే వదలకు."

"మీ అంత కసరడం నాకు రాదు."

"వస్తుంది," అన్నాడాయన. అది ఆయన ఇచ్చిన దీవెన.

*

అయిదయ్యింది. పడమటి ఎండ వసారా పొడుగునా పడుకుని ఉంది. ఒకరొకరే దిగిపోయారు. తలుపుల ఇంజనీరు పిల్లను తెచ్చుకోవాలని పరిగెడుతూ వెళ్లింది. వెళ్తూ వెళ్తూ లిఫ్టులోంచి, "పంపేశాను మాస్టారూ," అని అరిచింది.

ఆయన గది సర్దాడు. కుర్చీ బల్ల కిందికి తోశాడు. తెర ఆపాడు. డబ్బా సంచిలో పెట్టుకుని లిఫ్టు దగ్గరికి వచ్చి బటన్ నొక్కాడు. లిఫ్టు ఎక్కడో కింద గొంతు సవరించుకుని బయల్దేరింది.

తలుపు తెరుచుకుంది.

ఒకటికి సంచి లోపల పెట్టబోయాడు. చెయ్యి అంతదూరం చాచలేదు. సంచి గడప మీదే దిగింది. రెండుకు కుడికాలు లేవాలి. లేవలేదు. లిఫ్టు పక్కన గోడకు ఆనించి ఒక బెంచీ ఉంటుంది. ఆయన ఒక్క నిమిషం కూర్చుందామని కూర్చున్నాడు. గోడ చల్లగా ఉంది. తల ఆనించాడు.

తలుపు వచ్చి సంచిని తాకి వెనక్కి వెళ్లింది. మళ్లీ ఆగింది. ఆయనకు నవ్వు వచ్చినట్టయింది. ఎవరూ తొందరపెట్టడం లేదు. వసారాలో ఎండ నెమ్మదిగా వెనక్కి జరుగుతోంది. దాని అంచున ఎవరో కాళ్లు చాపుకుని కూర్చున్నారు. ఒళ్లో గడియారం ఉంది. ఆయన లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. ఒకటి, రెండు, మూడు. ఈసారి నాలుగో అంకె సులువుగా వచ్చింది.

కింద వాచ్‌మన్ స్టూలు మీద నుంచి పైకి చూశాడు. అయిదు మీద దీపం ఎంతకీ మారడం లేదు.

"మాస్టారూ," అని కేకేశాడు. "సంచి అడ్డం పెట్టుకుని ఎవరితో కబుర్లు? మీతో మాట్లాడేవాడు కింద ఉన్నాడు."

జవాబు రాలేదు. ఇంకోసారి కేకేశాడు. తర్వాత చెప్పులు విడిచి మెట్లెక్కడం మొదలుపెట్టాడు. ఒక్కో అంతస్తులో ఆగి ఊపిరి తీసుకుంటూ, ఆగిన ప్రతిచోటా పైనుంచి తలుపు జరిగే చప్పుడు వింటూ ఎక్కాడు.

ఆయన బెంచీ మీద తల గోడకు ఆనించి కూర్చునే ఉన్నాడు. కళ్లజోడు ముక్కు మీదికి జారింది. ఇస్త్రీ చొక్కా కొస ఒక్కటే నలిగి ఉంది. వాచ్‌మన్ ఆయన చెయ్యి పట్టుకుని చూశాడు. కాసేపు పట్టుకునే ఉన్నాడు. తర్వాత దాన్ని నెమ్మదిగా ఆయన ఒళ్లో పెట్టి, ఏం చేయాలో తోచక పక్కన కూర్చున్నాడు.

గడప మీద గోధుమరంగు గుడ్డసంచి అలాగే ఉంది. తలుపు నాలుగు లెక్కపెట్టి వచ్చి దాన్ని తాకింది. లోపల డబ్బాలో చెంచా చిన్నగా మోగింది. తలుపు మళ్లీ వెనక్కి తెరుచుకుని, సంచి కోసం ఆగింది.